ముహూర్తము మనది, రాత్రి యెవరిది?

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెతను ఎఱుగని తెలుగువారుండరు. ఈ సామెతను పుట్టించినవారు ఇల్లు కట్టించుకొన్నవారే గాని కట్టినవారు కారని మాకు తోచుచున్నది. ఏలయన, ఇందు చెప్పబడిన కష్టమంతయు డబ్బు చెల్లించువానిది. ఇటుకలు మోసినదాని కష్టముగాని, పరంజామీద నిలిచి గోడకు పూత పూసినవాని కష్టముగాని ఇందు లెక్కకు రాలేదు. డబ్బిచ్చి కట్టించినవాడు “ఇల్లు కట్టితిని” అనుచున్నాడు. చేతులార కట్టినవాడు “పనికి పోయి వచ్చితిని” అనుచున్నాడు. మన వాడుకమాటలోనే యిట్టి పక్షపాతము పాతుకొనియుండగా మన నడవడిలో అది లేకుండునా?

మేము ఈ మాసమున చర్చింపబూనిన విషయము పెద్ద కర్మాగారములకు సంబంధించినది కాదు. వానిని గుఱించి వ్రాయువారు పెక్కురు కలరు. చదువుకొన్న గృహస్థులు, సంస్కారవంతులమని చెప్పుకొను మనబోటివారు, తమ యింటిపనిని గుత్తకు పుచ్చుకొన్న మేస్త్రీలను వేళాపాళా లేక పనిచేయ నిర్బంధించుటను గుఱించి మేము చెప్పదలచితిమి. అందును ముఖ్యముగా గృహప్రవేశమునకు ముందు మూడువారములు జరుగు రాత్రిపనిని గుఱించి. దీనిని దురాచారమని ఇంతవఱకు ఎవరును పేర్కొనలేదు. వరకట్నమును నిందించువారి యింటను, అంటరానితనమును ఖండించువారి యింటను, ఏ సంకోచమును లేక ఇది జరుగుచున్నది. అందుచేతనే దీనిని గుఱించి వ్రాయుట యవసరమని మేము తలచుచున్నాము.

మొదట ఈ నిర్బంధము పుట్టు తీరును చూతము. గృహప్రవేశమునకు మాఘము, ఫాల్గునము, వైశాఖము, శ్రావణము మొదలగు మాసములు మంచివని చెప్పుదురు. ఆషాఢము, పుష్యము శూన్యమాసములని విడిచిపెట్టుదురు. గురు శుక్రులలో ఒకరు సూర్యునికి సమీపించి కంటికి కనబడకుండు దినములు మౌఢ్యమని, అప్పుడు శుభకార్యము కూడదని మఱియొక నియమము. ఇట్లు సంవత్సరమును కోసికోసి మిగిల్చిన కొలది దినములమీదనే ఊరివారందఱును పడుదురు. ఒక మేస్త్రీ చేతిలో నాలుగు ఇండ్లున్నచో నాలుగింటికిని ఒకటే వారములో ముహూర్తము. మౌఢ్యము వచ్చుచున్నదన్నచో ఇక చెప్పనక్కఱలేదు. గృహస్థుడు పురోహితుని అడుగును, అల్లుని సెలవు కనుగొనును, అమెరికాలోనున్న కుమారుని విమానపు టిక్కెట్టు చూచును, వంటవానికి బయానా యిచ్చును, శుభలేఖలు అచ్చువేయించును. పని ముగింపవలసిన మనిషిని మాత్రము “నీకు ఎన్ని దినములు కావలెను?” అని అడుగడు.

శుభలేఖలు అచ్చయిన పిమ్మట మేస్త్రీకి కబురు పోవును. “మేస్త్రీ, వచ్చే పదునెనిమిదవ తేదీ తెల్లవాఱుజామున పాలు పొంగించవలెను. అప్పటికి గచ్చు, రంగులు, దీపములు అన్నియు సిద్ధము కావలెను. ఎంతమందిని పెట్టుకొందువో, రాత్రింబవళ్లు చేయింతువో నీ యిష్టము.” “బాబుగారూ, మేడమీది గదుల పూత ఇంకను పచ్చిగానే యున్నదండీ” అని యాతడు నసుగును. “అవన్నియు మాకు చెప్పవద్దు, గుత్తకు ఒప్పుకొన్నవాడవు నీవు” అని ప్రత్యుత్తరము వచ్చును. “నీ యిష్టము” అన్న మాటలోని చిత్రమును పాఠకులు గమనింతురు గాక. ఆ మేస్త్రీకి మిగిలిన యిష్టమెల్ల ఎవరెవరి నిద్రను చెడగొట్టవలెనో ఎంచుకొనుటయే. అది మొదలు రాత్రి పది గంటలకు, పదకొండు గంటలకు ఫోను మ్రోగుచుండును. ఎంత పని యైనదో చూపుచు అప్పటికప్పుడు వాట్సాపులో ఫొటోలు పంపుమనుచుందురు.

ఆనాటినుండి ఆ యింట పగలు రాత్రి యను భేదముండదు. ఉదయము 7 గంటలకు పనిలోనికి దిగిన తాపీవాడు రాత్రి 11 గంటలకు గాని చేతులు కడుగుకొనడు. గచ్చు పఱచువారు పనిచేయుచుండగానే రంగులవారు నిచ్చెన వేయుదురు. రంగులవారు నిచ్చెనమీద నుండగానే దీపముల పనివాడు గోడ తొలుచును. తాత్కాలికముగా లాగిన విద్యుత్తు తీగ తడినేలమీద ప్రాకుచుండును; దాని చివర నొక్క దీపము. ఈ పనివారిలో పెక్కురు పాలమూరు ప్రాంతమునుండియో, శ్రీకాకుళము, విజయనగరములనుండియో, ఒడిశా, బీహారు రాష్ట్రములనుండియో పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. వారు తఱచు కట్టుచున్న యింటి క్రింది గదిలోనే నిద్రింతురు. పనిచేయు చోటే పడకచోటైనవానికి పని ముగిసిన వేళ యనునది ఎట్లు వచ్చును? ఆడువారి యవస్థ మఱియు దుస్సహము. పగలంతయు ఇసుక తట్టలు మోసిన యామె సందెవేళ వంట చేసి, బిడ్డకు పెట్టి, పండుకొనబోవుచుండగా “రెండు గంటల పనియే, రమ్మ”ని పిలుపు వచ్చును. వైశాఖమాసపు ముహూర్తమైనచో, రెంటచింతలలోను రామగుండములోను ఎండ 45 డిగ్రీలను సమీపించు దినములలో ఇదియంతయు జరుగును.

ఇప్పుడు న్యాయమును విచారింతము. పని చేయించుకొనుటకు లోకమున రెండు మార్గములు కలవు. ఒకటి జీతము. జీతమిచ్చువాడు మనిషి కాలమును కొనుచున్నాడు; ఎప్పుడు రావలెనో, ఎప్పుడు పోవలెనో, ఏ పని ముందు చేయవలెనో చెప్పు నధికారము వానికి కలదు. దానికి ప్రతిగా, పని తక్కువైన దినమునను జీతమిచ్చుట, సెలవులిచ్చుట, గంటలకు హద్దు పాటించుట యను భారములు వానిపై నున్నవి. రెండవ మార్గము గుత్త. గుత్తకిచ్చువాడు ముగిసిన పనిని కొనుచున్నాడు. చదరపుటడుగునకు ఇంత యని ధర కుదుర్చుకొని, ఇల్లు ముగించి తాళపుచెవి చేతికిమ్మనుచున్నాడు. వాన కురిసి పని నిలిచినను, ఇనుము ధర పెరిగినను, కూలివారు చెప్పకుండ ఊరికి పోయినను, ఆ నష్టము సామాన్యముగా గుత్తేదారుని నెత్తినే పడును. ఇన్ని నష్టములను తలకెత్తుకొన్నందుకు వానికి దక్కవలసిన స్వాతంత్ర్యమొక్కటి కలదు. తన పనిగంటలను తాను ఏర్పఱచుకొనుట.

మనము చేయుచున్నదేమి? జీతగానికి ఈయవలసినవి ఈయకుండుటకై వానిని గుత్తేదారుడని పిలుచుచున్నాము. తొందర వచ్చినప్పుడు జీతగానికంటె హీనముగా చూచి రాత్రి పదకొండు గంటలకు లేపుచున్నాము. రెండు మార్గములనుండియు మనకు లాభమైన సగములను ఏరుకొని, బరువైన సగములను ఎదుటివానిపై వేయుచున్నాము. దీనిని వ్యవహారదక్షత యని కొందఱు మెచ్చుకొందురు. మేము దీనిని యజమాని భారము లేని యజమాని పెత్తనమందుము. గుత్తపత్రమును ఎన్ని మార్లు చదివినను మేస్త్రీ ఇంటిని కట్టి యిచ్చునని యుండును గాని, తన రాత్రులను, తన కూలివారి రాత్రులను మనకు దఖలుపఱచినట్లు ఎక్కడను ఉండదు.

పనిగంటలకు హద్దుండవలెనను భావము ఆకాశమునుండి ఊడిపడినది కాదు. దానిని మొదట సాధించినవారిలో ఇండ్లు కట్టువారే ముఖ్యులన్న సంగతి మనలో పెక్కురకు తెలియదు. 1856 ఏప్రిలు 21వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున రాతిపనివారు విశ్వవిద్యాలయ కట్టడమువద్ద పనిముట్లు క్రింద పెట్టి పార్లమెంటు భవనమువఱకు ఊరేగింపుగా నడచిరి. ఆ దేశపు ఎండలో 10 గంటల పని మనుష్యులు చేయదగినది కాదని వాదించి, కూలి తగ్గకుండ 8 గంటల దినమును సంపాదించిరి. మన దేశమున 1881నాటి కర్మాగారముల చట్టము 7 ఏండ్లు నిండిన పసివారిచేత దినమునకు 9 గంటలు పనిచేయించుటకు అనుమతించెను. పెద్దలకు హద్దే లేకుండెను. బట్టల మిల్లులలోని పురుషులకు 1911లో 12 గంటల హద్దు వచ్చెను. 1922లో దినమునకు 11, వారమునకు 60 గంటలు. 1934లో 10, 54. 1946లో 9, 48. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడు, 1948లో, చేసిన చట్టమును 48 గంటల హద్దును నిలిపి, అంతకు మించిన పనికి రెట్టింపు కూలి నియమించెను. ఒక్కొక్క గంట తగ్గుటకు ఎన్నేసి యేండ్లు పట్టినవో చూడుడు.

ఇంత కాలమునకు వచ్చిన యీ హద్దు మన క్రొత్తయింటి గుమ్మము దగ్గఱ ఆగిపోవుచున్నది. భవననిర్మాణ కార్మికుల కొఱకు 1996లో చేసిన చట్టము, సొంత నివాసమును 10 లక్షల రూపాయలకు మించని ఖర్చుతో కట్టించుకొనువారిని తన పరిధినుండి తప్పించెను. 2020లో పార్లమెంటు ఆమోదింపగా 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తిభద్రత, ఆరోగ్య, పనిపరిస్థితుల స్మృతి ఆ మొత్తమును 50 లక్షలకు పెంచినది. సామాన్య గృహస్థుని వేధింపకుండవలెనను ఉద్దేశము దీనియందుండవచ్చును. దానిని మేము తప్పుపట్టము. కాని ఫలితమేమి? చిన్న ఊరిలో మధ్యతరగతివాడు కట్టించుకొను ఇల్లు ఈ నిర్మాణ నియమములకు పెక్కుసారులు అందదు. ఇక మేస్త్రీయో, తనకు తానే యజమాని యని చెప్పబడువాడగుటచేత, గంటల లెక్కకు ఎన్నడును రాడు. శాసనము లేని చోట గృహస్థుని నోటిమాటయే శాసనమగుచున్నది. అట్టి చోట గృహస్థుని మనస్సాక్షియు శాసనముతో సమానముగా పనిచేయవలదా?

ఉన్న నియమమునైనను మనము పాటించుచున్నామా? శబ్దకాలుష్యమును గుఱించి 2000లో చేసిన నిబంధనలు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు రాత్రివేళగా నిర్ణయించినవి. 2010లో చేసిన సవరణ, నివాస ప్రాంతములలో ఆ వేళ చప్పుడు చేయు నిర్మాణ యంత్రములను నడపరాదని స్పష్టముగా చెప్పినది. అర్ధరాత్రి గచ్చురాళ్లు కోయించువాడు ఈ నిబంధనను మీఱుచున్నాడు. ప్రక్కయింటి వృద్ధుడు వచ్చి కేకలు వేసినప్పుడు తిట్లు తినువాడు మాత్రము యంత్రము పట్టుకొన్న కుఱ్ఱవాడు. పని చెప్పిన గృహస్థుడు ఆ వేళకు తన యద్దెయింటిలో నిద్రించుచుండును.

మా పాఠకులకు సుపరిచితమైన మఱియొక సంగతిని ఇక్కడ చెప్పవలసియున్నది. మన కుటుంబముల బిడ్డలు పెక్కురు హైదరాబాదులో కూరుచుండి అమెరికా కంపెనీలకు కంప్యూటరు పని చేయుచున్నారు. వారిలో గుత్తపద్ధతిని కుదిరినవారును కలరు. న్యూయార్కులో ఉదయము 9 గంటలైనప్పుడు మనకు వేసవిలో సాయంకాలము 6-30, శీతకాలమున 7-30 అగును. వారి పగటి సభలకు మనవారు రాత్రి మేలుకొనవలెను. తెల్లవాఱి ఇక్కడి పనికి మరల లేవవలెను. ఆ బిడ్డల తల్లులు మాతో ఏమనుచున్నారు? “వాని ఆరోగ్యము పాడైపోవుచున్నదండీ, ఆ దొరలకు మనవాడొక మనిషియని తోచదు, గుత్తపనివాడని కదా, వద్దనుటకు వానికి ధైర్యము చాలదు” అని కన్నీరు పెట్టుకొనుచున్నారు. ఆ కన్నీరు సత్యమైనది; ఆ ఫిర్యాదు న్యాయమైనది. అయినచో ఆ యింటికే రంగులు వేయు కుఱ్ఱవానికి తల్లి లేదా? సముద్రము ఆవలి దొర మనయెడ చేసినప్పుడు అన్యాయమైనది, వీధి చివరి మేస్త్రీయెడ మనము చేసినప్పుడు తొందరపని మాత్రమే యగుట ఎట్లు?

ఇక మా మాటకు వచ్చు నాక్షేపణలను విచారింతము. మొదటిది బలమైనది: “ఆఱు నెలలలో ముగింతునని చెప్పి పది నెలలు జరిపినాడు, మూడు నెలలు మనిషియే కనబడలేదు, ఇప్పుడు రాత్రి పనిచేయక ఏమి చేయును?” ఇట్టి మేస్త్రీలు లేరని మేమనము. కాని ఆలస్యపు లెక్కను నిష్పక్షపాతముగా తీసినచో అందు మన వంతును కనబడును. గోడ లేచిన పిమ్మట వాస్తుపండితుని పిలిచి వంటగదిని మార్పించినది ఎవరు? గచ్చురాళ్ల రంగు తేల్చుటకు నెల దినములు పట్టించినది ఎవరు? స్లాబునకు ఈయవలసిన సొమ్మును బ్యాంకు అప్పు రాలేదని జాప్యము చేసినది ఎవరు? తప్పు మేస్త్రీదే యనుకొన్నను, దానికి ప్రతిక్రియ వ్రాతమూలకమైన గడువును, గడువు దాటినచో ధరలో తగ్గింపును. మేస్త్రీ చేసిన ఆలస్యమునకు శిక్ష రాత్రి తట్ట మోయు కూలిమనిషికి పడుట ఏ ధర్మశాస్త్రములోనిది?

రెండవ యాక్షేపణ: “మేము కొట్టి చేయించుటలేదు, ఆతడే ఒప్పుకొన్నాడు.” ఎట్లు ఒప్పుకొన్నాడో చూతము. ఇంటిపని సొమ్ము పునాదికి ఇంత, స్లాబునకు ఇంత, పూతకు ఇంత యని విడతలుగా చెల్లింతురు. తొలి విడతలు సామాను కొనుటకును కూలికిని సరిపోవును. మేస్త్రీకి మిగులునది సాధారణముగా కడపటి విడతలో నుండును. అది గృహప్రవేశమువఱకు మన పెట్టెలో నుండును. పదినెలల కష్టార్జితమును చేతపట్టుకొని “ఏమోయి, రాత్రి చేయింతువా?” అని యడిగినచో ఆతడు చెప్పు “సరేనండీ”ని సమ్మతి యందుమా? పైగా ఆతడు ఒప్పుకొన్నది తన రాత్రిని మాత్రమే కాదు. తనకు బదులుగా పనిచేయు పదిమంది రాత్రులను ఒప్పుకొన్నాడు. వారిని అడిగినవారు లేరు. మన నిర్బంధము మేస్త్రీ దగ్గఱ ఆగదు. మెట్టుమెట్టుగా దిగి, అన్నింటికంటె క్రింద నిలిచిన యామె నెత్తిమీది తట్టలో కూరుచుండును.

మూడవ యాక్షేపణ: “ఊరకే చేయించుకొనుచున్నామా? టీలు తెప్పించినాము, తలకు నూఱు రూపాయలు ఎక్కువ ఇచ్చినాము, ప్రవేశమునాడు బట్టలు పెట్టినాము.” బట్టలు పెట్టుట మంచి యాచారమే. కాని దానము వేఱు, ఋణము వేఱు. నియమితమైన గంటలు మించిన పనికి రెట్టింపు కూలి యని శాసనములు ఒప్పుకొన్నవి. మనమిచ్చు నూఱు రూపాయలు ఆ లెక్కలో సగమైనను కాకపోవచ్చును. ఈయవలసినది ఈయక పెట్టిన బట్టలు ఔదార్యమగునా? రెట్టింపే ఇచ్చితిమనుకొందము. పదునాఱు గంటలు నిలిచియున్నవాని కాలు పరంజామీద జాఱినచో ఆ రెట్టింపు కూలి వానిని పట్టుకొనజాలదు.

నాలుగవది నమ్మకమునకు సంబంధించినది: “ముహూర్తము తప్పినచో కీడు కలుగునని పెద్దలు చెప్పుదురు, మీరు నమ్మకపోయినచో పోయినది, మమ్ము నమ్మనీయుడు.” ముహూర్తములలో మాకు విశ్వాసము లేదన్న సంగతి మా పాఠకులెఱుగుదురు, ఆ వాదమును ఇక్కడ తేము. నమ్మువారినే యొకటి యడుగుచున్నాము. ముహూర్తము ఇల్లు ప్రవేశించుటకు పెట్టినది. ఇల్లు ముగించుటకు పెట్టినది కాదు. ఇల్లు ముగిసిన పిమ్మట వచ్చు మొదటి మంచి దినమును పెట్టుమని పురోహితుని అడిగినచో ఆయన కాదనునా? పంచాంగమున ఒక్క శుభదినమే యున్నదా? మఱియు, ఎవరి కన్నీరును పడని యింట శ్రీ నిలుచునని చెప్పినవారును ఆ పెద్దలే కదా. తెల్లవాఱుజామున పాలు పొంగుచున్నప్పుడు పెరటిగోడ ప్రక్క ముగ్గురు కూలివారు మూడు రాత్రుల నిద్రకు మొగము వాచి పడియున్నచో, అది ఏ శకునమని చెప్పవలెను?

న్యాయము మాట అటుండనిండు. స్వలాభమైనను మనము చూచుకొనుచున్నామా? సిమెంటునకు పంచాంగము తెలియదు. అది నీటితో కలిసి గట్టిపడుటకు తన కాలము తాను తీసికొనును. దాని బలమును పరీక్షించుటకు 28 దినములను లెక్కగా పెట్టుకొనుట అందుచేతనే. భారత ప్రమాణముల సంస్థ 2000లో ప్రకటించిన కాంక్రీటు ప్రమాణము, సాధారణ సిమెంటుతో వేసిన కాంక్రీటును 7 దినములకు తక్కువ కాకుండ తడుపవలెననియు, ఎండయు పొడిగాలియు గల చోట్ల 10 దినములకు తగ్గరాదనియు చెప్పినది. నాలుగున్నర మీటర్లకు మించిన స్లాబు క్రింది ఊతకఱ్ఱలను 14 దినములవఱకును, ఆఱు మీటర్లకు మించిన దూలముల క్రిందివానిని 21 దినములవఱకును తీయరాదన్నది. క్రొత్త పూత నెల దినములైన ఆఱిన పిమ్మటనే రంగు వేయవలెనని ఆ పని తెలిసినవారందఱును చెప్పుదురు. పదిమందికి బదులు ముప్పదిమందిని పెట్టినను, పగటికి రాత్రి చేర్చినను, ఈ దినములలో ఒక్కటియు తగ్గదు. పచ్చిగోడమీద రాత్రికి రాత్రి వేయించిన రంగు మఱుసటి వానకాలమునకు పొక్కులెత్తి రాలును. అప్పుడు “మేస్త్రీ మోసము చేసినాడు” అని ఊరంతయు చెప్పుకొందుము.

మేస్త్రీలును, గుత్తేదారులును నిర్దోషులని మా యభిప్రాయము కాదు. పని పోవునను భయముచేత అసాధ్యమైన గడువునకు తలయూపుట వారి మొదటి దోషము. ఒక్క జట్టును పెట్టుకొని నాలుగిండ్లకు బయానా పుచ్చుకొనుట రెండవది. పైనుండి వచ్చిన యొత్తిడిని తాము కొంచెమైనను భరింపక కూలివారిమీదికి నెట్టుట మూడవది. ఇది అన్నిటికంటె నీచము. “ఇన్ని దినములు కావలెను, రాత్రిపని చేయము, ఇష్టమున్నచో ఈయుడు” అని యొక మేస్త్రీ చెప్పినచో ఆ పని వేఱొకనికి పోవును. ఊరిలోని మేస్త్రీలందఱును కలిసి అదే మాట చెప్పినచో ఎక్కడికి పోవును? మెల్బోర్నులో రాతిపనివారు ఒక్కొక్కరుగా అడిగి సాధింపలేదు. మన తాపీ, వడ్రంగి, రంగుల పనివారి సంఘములు కూలి రేట్లు పెంచుమని కోరునప్పుడు, పని మానవలసిన వేళను గూడ ఆ కాగితముమీద వ్రాయవలెనని మేము కోరుచున్నాము.

అంతవఱకు గృహస్థులమైన మనము చేయదగినవి కలవు. ఖర్చులేని పనులు గావున సాకులకు తావు లేదు. గుత్తపత్రమున ధరతోపాటు పనివేళలను వ్రాయవలెను: ఉదయము ఇన్ని గంటలకు మొదలు, సాయంకాలము ఇన్ని గంటలకు ముగింపు, వారమునకొక దినము సెలవు. మనము కోరు మార్పులవలన ఎన్ని దినములు పెరుగునో మార్పు చెప్పిననాడే వ్రాసికొని ఇరువురును సంతకము చేయవలెను. ఇల్లు ముగిసినదని మేస్త్రీ చెప్పి, మనము చూచుకొన్న తరువాతనే ముహూర్తము పెట్టించి శుభలేఖలు అచ్చువేయింపవలెను. విడత సొమ్మును పని ముగిసిన వారములోనే చెల్లింపవలెను. రాత్రి 8 గంటల తరువాత, ప్రమాదము సంభవించిననే తప్ప, మేస్త్రీకి ఫోను చేయరాదు. ఎన్నడైన తప్పనిసరియై ఒక పూట ఎక్కువ పని పడినచో రెట్టింపు కూలిని కూలివారి చేతికే, మన కన్నుల యెదుటనే, ఇప్పింపవలెను.

ఇంటి పెత్తనము స్త్రీల చేతిలో నున్న కుటుంబములు మా పాఠకులలో అనేకములు కలవు. వారికి మేము ప్రత్యేకముగా విన్నవించుకొనుచున్నాము. ముహూర్తపు తొందర తఱచు మగవారి నోట వెలువడినను, దానిని నిలుపగల మాట మీది. వేవిళ్లతోనున్న కోడలిని, పరీక్షకు చదువుచున్న కూతురిని రాత్రి మేలుకొననీయని మీకు, తట్ట మోయు నామె నిద్ర విలువ ఒకరు చెప్పవలసినది కాదు. ఒక్క నెల అద్దె ఎక్కువ కట్టుకొన్నను కొంప మునుగదు; బంధువులు మఱియొక నెలలో వత్తురు. మీ యింట ఇటుకపై ఇటుక పేర్చినవారు ప్రతి సాయంకాలము దీపములు పెట్టువేళకు చేతులు కడుగుకొని పోయినారని మీరు చెప్పుకొనగలిగినచో, ఆ మాటను మీ వీధిలో నలుగురకు చెప్పుడు. వారిలో ఇద్దఱైన రేపు ఇల్లు కట్టించుకొనబోవువారే యైయుందురు.